లక్కముద్ర డేక్సా

చినగెడ్డపాలెం రేవులో లంగరేసి ఉన్న బోటు మీద పిడుగు పడిన రోజున, అందులో కూర్చుని వల బాగుచేసుకుంటున్న పోలయ్యకు ఏమీ కాలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది. పోలయ్య పోయి ఉంటే దానికొక ఫారం ఉంది, ఆ ఫారం నింపే గుమాస్తా ఉన్నాడు, పూలదండ పట్టుకొచ్చే ఆనవాయితీ కూడా ఉంది. పోలయ్య ఏమో జుట్టు నిక్కబొడుచుకుని, రెండు రోజులు చెవులు గుయ్యిమనిపించుకుని, మూడో రోజున మళ్లీ వల ముందేసుకుని కూర్చున్నాడు. పోయింది బోటులో ఉన్న వైర్‌లెస్ సెట్టు. అది సర్కారువారు రాయితీ మీద ఇచ్చినది. మనిషి బతికి సెట్టు చస్తే ఏం చెయ్యాలో ఏ ఫారంలోనూ రాసి లేదు.

పై ఆఫీసు నుంచి తాఖీదు వచ్చింది. "సదరు పరికరము పిడుగుపాటుకు గురియగుచున్న సమయమున, దానిని కాపాడుటకై సదరు వ్యక్తి తీసుకొనిన చర్యలు ఎట్టివి?"

"ఆ టైముకి నాను కూడా గురి అవతన్నాను బావూ," అన్నాడు పోలయ్య.

దాని పక్కన 'సమాధానము సంతృప్తికరముగా లేదు' అని రాసుకున్నారు. ఇకమీదట పిడుగుల నుంచి సర్కారు ఆస్తిని కాపాడే బాధ్యత రేవు మత్స్యశాఖ కార్యాలయానిదే అని తేల్చి, త్రివిక్రమరావు గారు అనే అధికారిని అందుకోసమే వేశారు.

ఈ కబురు కుళాయి దగ్గర విన్నప్పటి నుంచీ నూకరత్నానికి గుండెలో దడే. ఆమెకు మామూలుగానే దడ ఎక్కువ. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానిపించి పెళ్లి చేశారు, పది నెలల పాప ఉంది, మొగుడు ఎల్లాజీ బోటు డ్రైవరు. వేటకి వెళ్తే అయిదారు రోజులు నీళ్ల మీదే. అక్కడికి సెల్‌ఫోన్ అందదు. మబ్బు పట్టిందంటే టీవీ తీగ పీకేస్తుంది, పాపని ఒళ్లో వేసుకుని "అర్జునా, ఫల్గుణా, పార్థా, కిరీటీ" అనుకుంటుంది, అప్పుడప్పుడు కంగారులో ఎల్లాజీ పేరు కూడా ఆ వరసలో కలిసిపోతుంది.

ఆమె ధైర్యమంతా ఆ వైర్‌లెస్ సెట్టులోనే ఉంది. రోజూ సాయంత్రం ఆరింటికి రేవు ఆఫీసులో ఆపరేటర్ సన్యాసిరావు ఒక్కొక్క బోటునీ పేరుపేరునా పిలుస్తాడు. ఆడవాళ్లు వరండాలో నిలబడి వింటారు. కొందరు మొగుళ్లు కేకలేసి మాట్లాడతారు. ఎల్లాజీ మాట్లాడడు. మీట రెండుసార్లు నొక్కుతాడు. టిక్, టిక్. అన్నం తిన్నాను, బాగున్నాను, మన పిల్లగుంట ఏం చేస్తోంది అని దాని అర్థం. ఆ రెండు టిక్కులూ చెవిలో వేసుకుని నూకరత్నం ఇంటికి వచ్చి నిద్రపోతుంది. అవి లేని రోజున నిద్ర లేదు.

త్రివిక్రమరావు గారు వచ్చిన మూడో రోజునే సభ పెట్టారు.

"పిడుగు హెచ్చరిక వెలువడిన తక్షణమే ప్రతి లబ్ధిదారుడూ తన సెట్టును ఆపివేయవలెను," అన్నారు.

నూకరత్నం అత్తగారు కాసులమ్మ లేచింది. "ఆ హెచ్చరిక ఎందల వొస్తాది బావూ?"

"సెట్టులోనే వచ్చును."

"మరి ఆపేసినాక, పిడుగులు పోనాయని ఎలాగ తెలస్తాది?"

"అది కూడా సెట్టు ద్వారానే ప్రకటింపబడును."

కాసులమ్మ కూర్చుని కోడలి చెవిలో అంది. "పిడుక్కీ బిచ్చానికీ ఒకటే మంతరం నాగుందే ఈయన యవ్వారం."

నూకరత్నానికి నవ్వు రాలేదు. సెట్టు ఆపేస్తారు అన్న మాట దగ్గరే ఆమె ఆగిపోయింది. ఆ కంగారులోనే, తనకు తెలియకుండానే నోరు తెరిచింది.

"ఆపక్కర్లేదండి. మా ఆయన మెరుపు కనబడగానే తీగలు పీకేసి, సెట్టుని అన్నం డేక్సాలో పెట్టి మూతేసేస్తాడండి. ఎలిసినాక తీసి మళ్లీ తగిలిస్తాడు. ఆర్నెల్లయింది, దానికేటీ అవలేదు. చుట్టూ సత్తు గిన్నుంటే పిడుగు లోపలికి రాదని ముసలి డ్రైవరొకాయన చెప్పాడంట."

త్రివిక్రమరావు గారు కళ్లజోడు తీశారు. "లోహ కవచ సిద్ధాంతము!" అన్నారు గాఢంగా. "గ్రామీణ మహిళ నోట! ఆ పాత్రను తక్షణమే ప్రవేశపెట్టవలెను."

డేక్సా ప్రవేశపెట్టబడింది. నూకరత్నం పురుడు పోసుకుని అత్తారింటికి వస్తున్నప్పుడు వాళ్లమ్మ సోములమ్మ సారెలో పెట్టిన డేక్సా అది. కంఠం చుట్టూ చుక్కల అక్షరాలతో పేరు కొట్టించి ఉంది: 'నూకరత్నానికి తల్లి సోములమ్మ ఇచ్చినది.' ఆఫీసువారు దాన్ని బల్ల మీద పెట్టి ఫొటో తీశారు. 'ప్రదర్శన నిమిత్తము మూడు దినములకు తీసుకొనడమైనది' అని రసీదు రాసి, త్రివిక్రమరావు గారే సంతకం పెట్టారు. నూకరత్నం ఆ కాగితాన్ని వేలు పెట్టి రెండుసార్లు చదువుకుని, మడిచి, పాప కాటుక డబ్బాలో దాచింది.

ఆమె చెప్పిన మాటలో రెండు ముక్కలున్నాయి. మెరుపొస్తే పెట్టాలి, వెలిశాక తియ్యాలి. మొదటి ముక్క ఫైల్లోకి ఎక్కింది. రెండోది ఎక్కలేదు.

వారం తిరిగేసరికి సర్క్యులర్ వచ్చింది. పిడుగు పడునపుడు పాత్రలో ఉన్న సెట్టు క్షేమమని రుజువైనది. పిడుగు ముందుగా చెప్పి పడదు. కావున సెట్టు ఎల్లవేళలా పాత్రలోనే ఉండవలెను. సెట్టును నూలు గుడ్డలో చుట్టి పాత్రలో ఉంచి, మూత బిగించి, పురికొస కట్టి, రేవు ఆఫీసున తూకము వేయించి, లక్కముద్ర వేయించుకొని మాత్రమే వేటకు వెళ్లవలెను. చుట్టిన గుడ్డను ఎవరునూ విప్పరాదు. ముద్ర చెదిరినచో ఆ యేడాది వేట పర్మిట్టు రద్దు. అనుబంధంగా, అదనపు రక్షణ కింద, డ్రైవర్లు పఠించవలసిన అర్జునుని పది పేర్లు. ఆఫీసులో తొమ్మిదే గుర్తొచ్చాయి. పదోదాని కోసం దేవాదాయ శాఖకు లేఖ రాశారు. జవాబు వచ్చే వరకు మొదటి పేరును రెండుసార్లు పలకవలెను.

నూకరత్నం పాపని చంకనేసుకుని ఆఫీసుకు పరిగెత్తింది.

"బాబుగారూ, సెట్టు డేక్సాలో ఉంటే మాటెలా వినపడుద్దండి?"

"వినపడుట వేరు, భద్రత వేరు. వినపడుట సమాచార విభాగమువారిది. మాది ఆస్తుల పరిరక్షణ."

"గాలివాన వొస్తే మా ఆయనకెలా తెలుస్తాదండి? ఆయనకేటైనా అయితే?"

త్రివిక్రమరావు గారు చల్లగా నవ్వారు. "దానికి ఫారం ఉన్నదమ్మా. మీరేమీ ఆందోళన చెందవద్దు."

పాలెంలో ఆమె ముఖం ఎత్తుకోలేకపోయింది. కుళాయి దగ్గర ఒకామె, "ఓలె నూకరత్నం, ముందు నీ నోటికెయ్యాలే లక్కముద్ర," అంది. ఇంకొకామె, "పోన్లేయే, డేక్సా ఇచ్చింది, ఇంకా నయం, మంచం ఇవ్వలేదు. బోటునంతా దాని కింద పెట్టమందురు," అంది. నూకరత్నం బిందె సగమే నింపుకుని వచ్చేసింది. రెండు రోజులు మళ్లీ కుళాయి వైపు వెళ్లలేదు.

మూడో పొద్దున్న చట్నీ నూరుతోంది. పాప వీపు మీద ఎక్కి జుట్టు పీకుతోంది. సన్నెకల్లు మీద రాతి పొత్రం ముందుకీ వెనక్కీ పోతోంది. ఉన్నట్టుండి ఆగింది. పొత్రాన్ని రెండు చేతులతో ఎత్తి బరువు చూసింది.

"మావా, మీ సెట్టు బరువెంతుంటాది?"

"ఏటే ఆ పెశ్న? బేటరీతో కలిపి ఇదిగో ఇంతుంటాది." ఎల్లాజీ ఆమె చేతిలో పొత్రం అందుకున్నాడు. అందుకున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆమె ముఖం చూశాడు, రాయి చూశాడు. "ఓలమ్మో! పర్మిట్టు పోద్దే!"

"పర్మిట్టు పోతే ఇంకో పని సూసుకుందాం. నువ్వు పోతే నాకు ఫారం ఇస్తారంట. నాకా ఫారం వొద్దు మావా."

ఎల్లాజీ పొత్రానికి అంటిన పచ్చిమిరప గింజలు తుడిచాడు, అంతే.

ఆ సాయంత్రానికి ముప్పై ఎనిమిది బోట్ల ఇళ్లలోనూ ఆడవాళ్లు పొత్రాలు ఎత్తి బరువు చూసుకుంటున్నారు. కుళాయి దగ్గర నూకరత్నం బిందెను ముందుకు జరిపారు.

ముద్రల రోజున డేక్సాలు పట్టుకుని ఆడవాళ్లంతా ఆఫీసు ముందు బారు తీరారు. సన్యాసిరావు చేపల కాటా మీద తూచాడు. కాసులమ్మ డేక్సా ఎత్తగానే అతని ముక్కు ఎగిరింది.

"సెట్టు పచ్చిమిరపకాయ వాసనొస్తందేటి పిన్నీ?"

"ఎండకి బావూ."

సన్యాసిరావు గుడ్డ వైపు చూశాడు. గోడ మీద సర్క్యులర్ వైపు చూశాడు. చుట్టిన గుడ్డను ఎవరునూ విప్పరాదు. 'బరువు సరి' అని రాసుకుని, లక్క కరిగించి, ముద్ర గుద్దాడు.

సెట్లు బోట్లలో యథాస్థానంలో, మీద ఒక లుంగీ కప్పుకుని ఉన్నాయి. తనిఖీదార్లు బోటెక్కలేదు, ముద్రలు చూడమన్నారు కాబట్టి ముద్రలే చూశారు. పొత్రాలన్నీ డేక్సాల్లో సముద్రం మీద షికారు చేశాయి. డేక్సాలు నిండిపోవడంతో బోటు కళాసీలు బకెట్లలో అన్నం వండుకున్నారు. పాలెంలో మిక్సీ ఉన్న నాలుగిళ్ల ముందు పొద్దున్నే చట్నీకి వరస కట్టారు. సర్కారువారు ఆ విధంగా ముప్పై ఎనిమిది రాళ్లను పిడుగుల బారి నుంచి కాపాడుతూ వచ్చారు.

సాయంత్రం ఆరింటికి సన్యాసిరావు పిలుపులు మాత్రం ఆగలేదు. బోట్లు ఇప్పుడు నోరు విప్పడానికి లేదు. విప్పితే పర్మిట్టు. అందుచేత అందరూ ఎల్లాజీ పద్ధతిలోకి వచ్చేశారు. టిక్, టిక్. ఆడవాళ్లు విని, ముఖాలు ముడుచుకుని, ఏమీ విననట్టు వెళ్లిపోయేవారు.

ఒకరోజు త్రివిక్రమరావు గారు ఆ సమయానికి గదిలోంచి బయటకు వచ్చారు.

"సన్యాసిరావ్, ఎవరిని పిలుచుచున్నావు?"

"బోట్లనండి."

"సెట్లు పాత్రలలో ఉండగా వారు పలుకుటెట్లు? ఎవరూ పలకని సెట్టు నీ బల్ల మీద నగ్నముగా ఉన్నది. దీని భద్రత ఎవరిది?"

ఆఫీసు సెట్టును గుడ్డలో చుట్టారు. నమూనా పాత్ర అక్కడే ఉంది కదా, నూకరత్నం డేక్సాలోనే పెట్టారు. త్రివిక్రమరావు గారు స్వహస్తాలతో ముద్ర వేసి, బీరువా మీద ఎక్కించి, మల్లెల దండ వేశారు. ఒకసారి విప్పిన ఆఫీసు సెట్టును మూడుసార్లు మాట్లాడి చూసి గాని తిరిగి ముద్ర వేయరాదని సర్క్యులర్‌కు ఒక వాక్యం కూడా చేర్చారు. ఇందులో ఉన్నది మాత్రం నిజంగా సెట్టే. సముద్రం మీద మాట వినని వాళ్లకి చెవులు మిగిలాయి, ఒడ్డున మాట విన్న ఆఫీసుకు నోరు పోయింది.

నెలాఖరు నివేదికలో త్రివిక్రమరావు గారు ఇలా రాశారు. 'పథకము అమలైన నాటి నుండి ఒక్క సెట్టు కూడా దెబ్బతినలేదు. సముద్రము నుండి వైర్‌లెస్ ద్వారా ఒక్క ఫిర్యాదు కూడా అందలేదు.'

నూకరత్నానికి నిద్రపోయి ఎన్నాళ్లయిందో పాపకే తెలియాలి.

ఎల్లాజీ వెళ్లిన నాలుగో రోజు మధ్యాహ్నం, తూర్పున ఆకాశం కాటుక పూసినట్టయింది. గాలి తిరిగింది. నూకరత్నం టీవీ తీగ పీకి, పాపని ఎత్తుకుని, అత్తగారితో కలిసి ఆఫీసుకు వచ్చేసరికి వరండాలో బోర్డు మీద కొత్త కాగితం గాలికి కొట్టుకుంటోంది. మరి మూడు గంటల్లో పెనుగాలి, బోట్లన్నీ వెంటనే తీరం చేరాలి.

"హెచ్చరిక జారీ అయినది," అన్నారు త్రివిక్రమరావు గారు తృప్తిగా.

"బోర్డు సముద్రంలోకి కనబడదు కదండీ. సెట్టులో చెప్పించండి బాబూ, వింటా..."

నాలుక కరుచుకుంది. వింటారు అంటే ఎలా వింటారని అడుగుతారు. ఎలా వింటారో చెబితే ముప్పై ఎనిమిది పర్మిట్లు పోతాయి, పైగా అది తేల్చేసరికి గాలివాన వచ్చి వెళ్లిపోతుంది.

"వినే సెట్టు సముద్రమున లేదు. చెప్పే సెట్టు ముద్రలో ఉన్నది. అంతా పద్ధతి ప్రకారమే ఉన్నదమ్మా," అన్నారాయన. "ముద్ర తీయుటకు తగు కారణము ఉండవలెను. గాలి తగు కారణము కాదు. అది మా శాఖ కాదు."

నూకరత్నం బీరువా మీదకు చూసింది. వాడిపోయిన మల్లెల కింద చుక్కల అక్షరాలు కనబడ్డాయి. తల్లి సోములమ్మ ఇచ్చినది. పాపని అత్తగారి చేతిలో పెట్టి ఇంటికి పరిగెత్తి, కాటుక డబ్బాతో తిరిగి వచ్చింది.

"నా డేక్సా నాకిచ్చెయ్యండి."

"ఇప్పుడా?"

"మూడు రోజులన్నారు. నలభై రోజులయింది. ఇదిగో మీ రాత. ఇది మీ సంతకమే కదండీ?"

త్రివిక్రమరావు గారు కాగితం తీసుకున్నారు. గాలికి బెదరని మనిషి, తన సంతకం చూసి తెల్లబోయారు. కాటుక అంటినా అది స్పష్టంగానే ఉంది. "గడువు మించి ప్రైవేటు ఆస్తిని నిలుపుట..." అని గొణిగారు. "ఇది ఆడిట్‌కు... సన్యాసిరావ్! పాత్రను ఖాళీ చేసి ఈమెకు అప్పగించు. సాక్షుల సమక్షమున!"

కాసులమ్మ వేలిముద్ర వేసింది. వరండాలో వల బాగుచేసుకుంటున్న పోలయ్య రెండో సాక్షి. ముద్ర పగిలింది. గుడ్డ విప్పారు. సెట్టు బల్ల మీద కూర్చుంది. అదే క్షణంలో కిటికీలో ఫెళ్లున మెరిసింది.

"వేరొక పాత్ర! త్వరగా!" అరిచారు త్రివిక్రమరావు గారు.

సన్యాసిరావు టీ డికాక్షన్ కాచే గిన్నె తెచ్చాడు. తెచ్చి, తాపీగా తల గోక్కున్నాడు.

"సార్, మళ్లీ ముద్ర వెయ్యాలంటే ముందు 'పరికరము పనిచేయుచున్నది' అని రాయాలండి. మూడుసార్లు మాట్లాడి చూడాలండి. మీ సర్క్యులరే."

"చూడుము, చూడుము!"

"ఏం మాట్లాడమంటారండి? మాటలు ఇవ్వలేదండి అందులో."

త్రివిక్రమరావు గారు సర్క్యులర్ తిరగేశారు. నిజంగానే మాటలు లేవు. ఆమోదం లేని మాట సర్కారు సెట్టులో పలకడమెలా?

"బోర్డు మీదది సర్కారు రాతే కదండీ," అంది నూకరత్నం నేల చూస్తూ.

"అవును! ఆమోదిత పాఠము! చదువు!"

తీగలు తగిలించి సన్యాసిరావు చదివాడు. మొదటిసారి ఆఫీసు గొంతుతో చదివాడు. రెండోసారి గొంతు పెరిగింది. మూడోసారి కాగితం వైపు చూడనే లేదు. "పెనుగాలి వొస్తంది, తిరిగిపోండి రా నాయన్లారా, వలలు కోసేసైనా తిరిగిపోండి!"

మీట వదిలాడు. గదిలో బుసబుస తప్ప ఏమీ లేదు. నూకరత్నం డేక్సాను కడుపుకు అదుముకుంది. పార్థా, కిరీటీ, ఎల్లాజీ.

టిక్, టిక్.

తరవాత ఇంకో రెండు. ఆ తరవాత రేకుల మీద వాన మొదలైనట్టు, వరసపెట్టి టిక్కులే టిక్కులు.

"ఏమిటా శబ్దము?" ఉలిక్కిపడ్డారు త్రివిక్రమరావు గారు.

"మెరుపులండి," అన్నాడు సన్యాసిరావు.

"చూచితివా ఎంత ప్రమాదమో! మూయుము, మూయుము!"

మొదటి రెండూ ఎవరివో ఎవరూ చెప్పలేరు. నూకరత్నం మాత్రం తన లెక్కలో వేసేసుకుంది. అయినా ఇసక మీద తడుస్తూ నిలబడే ఉంది. బోట్లు ఒకటొకటే పోటు నీళ్ల మీద, గెడ్డ సముద్రంలో కలిసే నోట్లోకి దూసుకొచ్చాయి. ఇరవై, ముప్పై, ముప్పై ఏడు. ఆమె మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది. ఆఖరున వచ్చింది ఎల్లాజీ బోటు. వెనకపడ్డ వాళ్లందరినీ ముందుకు తోలుకుంటూ వచ్చాడట.

"బకెట్టు కూడు తిన్లేక సచ్చిపోతన్నానే, డేక్సా వొచ్చిందా?" అన్నాడు దిగుతూనే. ఆమె ఆ డేక్సాతోనే అతని వీపు మీద ఒక్కటి వేసి, ఏడ్చింది.

పై ఆఫీసుకు నివేదిక వెళ్లింది. పెనుగాలిలోనూ అన్ని బోట్లూ క్షేమం, అన్ని ముద్రలూ క్షేమం. ఇది పథకం విజయమేనని తేలిపోయి, సన్మాన సభ ఏర్పాటు చేశారు. మూలకారకురాలైన మహిళకు నల్లరాతి జ్ఞాపిక చేయించారు. జానెడు పొడవున్న గుండ్రాయి, దాని మీద సన్నగా మెరుపు గీత. ఆమె దాన్ని అందుకుంటూ, ముందు బరువు చూసుకుంది.

ముఖ్య అతిథికి ఇంతగా కాపాడబడిన సెట్టును కళ్లారా చూడాలనిపించింది. కాసులమ్మ డేక్సా వేదిక మీదకు తెచ్చారు. అతిథే ముద్ర పగలగొట్టి, గుడ్డ విప్పారు. సభలో ఆడవాళ్లు ఒక్కసారిగా కొంగులు నోట్లో కుక్కుకున్నారు.

పొత్రం.

అతిథి దాన్ని ఇటూ అటూ తిప్పారు. త్రివిక్రమరావు గారు కళ్లజోడు తుడుచుకుని చూశారు. పెద్ద పెద్ద పదవులు ఊరికే రావు. ఆయన మైకు అందుకున్నారు.

"పిడుగు యొక్క తీవ్రత ఎట్టిదో సభ గ్రహించవలెను. ఆ ధాటికి పరికరము శిలారూపము దాల్చినది! మన పాత్రయే లేనిచో ఈ శిల కూడా మిగిలెడిది కాదు!"

చప్పట్లు మోగాయి. మిగిలిన ముప్పై ఏడు డేక్సాల్లోనూ అదే జరిగిందని అక్కడికక్కడే తేల్చి, ముద్రలతో సహా అన్నింటినీ పరిశోధనకు పట్టుకుపోయారు. దస్తావేజుల్లో చినగెడ్డపాలెం సెట్లన్నీ రాళ్లయిపోయాయి. లేని సెట్టుకు నిబంధనలేమిటి? వాటి గురించి మళ్లీ ఎవరూ అడగలేదు. ఆఫీసు సెట్టును మాత్రం సన్యాసిరావు రోజూ ఆరింటికి గిన్నెలోంచి తీసి, ఆ రోజు బోర్డు మీదున్న ఆమోదిత పాఠంతో పరీక్ష చేస్తున్నాడు. అలా చెయ్యకూడదని కూడా ఎక్కడా రాసి లేదు.

పొత్రాలు తిరిగి రాలేదు. మర్నాడు పొద్దున్న నూకరత్నం సన్నెకల్లు కడిగి, మిరపకాయలు, ఉప్పు, చింతపండు వేసి, జ్ఞాపికతో నూరింది. పట్టు బాగానే ఉంది. కాస్త నునుపు, మెరుపు గీత ఉన్న వైపు మాత్రం బాగా నలుగుతోంది.

కాసులమ్మ వేలితో తీసి నాలిక మీద వేసుకుంది. "సర్కారోళ్ల రాయి పరవాలేదే. ఉప్పు నువ్వే తక్కువేసినావు."

రేవులో ఎల్లాజీ ఇంజను వేశాడు. నూకరత్నం చట్నీ పొట్లం, వాళ్లమ్మ డేక్సా అతని చేతికి అందించింది. పాప చెయ్యి పట్టుకుని ఊపించింది. బోటు కదులుతుంటే ఒడ్డు వెంట నాలుగడుగులు నడిచింది.

"మావా, మెరుపొస్తే సెట్టు అందల పెట్టు!"

"ఓ!"

"ఎలిసినాక తియ్యి!"

ఇంజను మోతలో అతనికి వినపడిందో లేదో. ఆమె నీళ్లలోకి దిగి మళ్లీ అరిచింది.

"రెండో మాట మరిచిపోకు మావా!"